జూన్ పిల్లల సారు

మే నెల ఆఖరి వారంలో ఒక పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే సారు నంబరు నుంచి ఫోన్ వచ్చింది. జూన్ రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి కదా, సారు లెక్క తప్పాడా ఏమిటి అనుకుని నవ్వుతూనే ఎత్తాను. అవతల సారు కాదు, సారు భార్య. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

"సారు పోయిండు బిడ్డా," అంది. "రాత్రి మంచిగనే తిని పండుకున్నడు. పొద్దుగాల లేపితే లెవ్వలే."

నేను షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను. ఫోన్ రాగానే నవ్వుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మాది శామీర్‌పేట పక్కన చిన్న ఊరు. మా అమ్మానాయినలు చేపలు పట్టి అమ్మేవాళ్ళు. సారు మా ఊరి ప్రైమరీ బడికి హెడ్‌మాస్టరు. ఉన్నది ఇద్దరే మాస్టర్లు కాబట్టి ఈయన పెద్దసారు. నేనిప్పుడు మేడ్చల్ బస్టాండు ఎదురు సందులో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాను. చిన్న చిన్న ఫ్లెక్సీలు కూడా నేనే తయారు చేసి ప్రింటుకు పంపిస్తాను. అందుకని ఊళ్ళో సారు దగ్గర చదువుకున్నవాళ్ళు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ పని నాకే అప్పజెప్పారు. ఫోటో పెట్టాను, పేరు పెట్టాను. కింద 'జననం' అనే చోట చెయ్యి ఆగింది. సారు ఇంటి అమ్మకు ఫోన్ చేశాను.

"సర్టిఫికెట్ల జూన్ ఉంటది, గదే రాయి," అంది. "అసలుది ఎవలకెరుక బిడ్డా. మక్కలు ఇరిసే దినాలల్ల పుట్టిండని మా అత్త అంటుండె."

మొక్కజొన్న కంకులు విరిచేది వానాకాలం చివర. ఊరందరికీ జూన్ రాసిన మనిషికి ఇంకెవరో పంతులు జూన్ రాశాడన్నమాట. నేనూ జూన్ అనే కొట్టాను. అప్లికేషన్ నింపేవాళ్ళు ఏది రాస్తే అదే పుట్టుక అని ఈ షాపు పెట్టాక నాకు బాగా తెలిసింది.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో పిల్లల్ని బడిలో వెయ్యడానికి వచ్చే అమ్మలకు తారీఖులు తెలియవు. పుట్టింది ఇంట్లో, కాగితం లేదు. సారు రిజిస్టరు ముందు పెట్టుకుని అడిగేవాడు, ఎప్పుడు పుట్టిండమ్మా అని. ఒకామె నాట్లప్పుడనేది, ఒకామె బోనాలు ఎల్లినంక అనేది, ఒకామె తన చెల్లి పెళ్ళయిన ఏడాది అనేది. సారు ఓపికగా అంతా విని, ఆ మాటల్ని మాత్రం ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. బడి రిజిస్టరులో అందరికీ జూనే. బడి తెరిచేది జూన్‌లో, ఆనాటికి అయిదేళ్ళు నిండాలని రూలు. ఇక తారీఖు అంటారా, ఆ ఏడు లైన్‌లో ఎవరు ఎన్నోవాళ్ళయితే అదే వాళ్ళ తారీఖు. నేను మూడోదాన్ని, నాది జూన్ మూడు. నా వెనక నిలబడ్డ పిల్లది జూన్ నాలుగు. మా ఊరి కాగితాలన్నీ చూసి ఒకసారి బ్యాంకు ఆఫీసరు అడిగాడట, మీ ఊర్లో వేరే నెలల్లో కాన్పులు కావా అని.

నాలుగో తరగతిలో నేనే అడిగాను సారును, అందరికీ జూన్ ఎందుకు పెట్టిండ్రు సార్ అని. రూలు సంగతి చెప్పి ఊరుకోవచ్చు. ఆయన అలాంటి మనిషి కాదు. అల్వాల్‌లో పాత కాగితాల దుకాణంలో కొన్న ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది ఆయన దగ్గర, అట్ట ఊడిపోయి, సుతిలి దారంతో కట్టి. దాన్ని విప్పి మా ముందు పెట్టాడు.

"మన నెలలకు పేర్లు చుక్కలను వట్టి వెట్టిండ్రు," అన్నాడు. "పున్నం నాడు చంద్రుడు చిత్త కాడుంటే చైత్రం, కృత్తిక కాడుంటే కార్తీకం. ఇంగ్లీషోళ్ళ నెలలు రోము నుంచి వచ్చినయి. ఆ దేశంల జూనో అని ఒక దేవత. దేవుళ్ళ రాజుకు పెండ్లాం. పెండ్లిళ్ళు ఆమెవే, పురుళ్ళు ఆమెవే. నొప్పులు వడే ఆడోళ్ళు ఆమెనే తలుసుకుందురు. ఆమె పేరు మీద జూన్."

ఇంకో మాట కూడా ఉందన్నాడు. వాళ్ళ భాషలో చిన్నవాళ్ళు, పడుచువాళ్ళు అనే మాట నుంచి జూన్ పుట్టిందని కొందరు చెబుతారట. మే నెల పెద్దోళ్ళది, జూన్ చిన్నోళ్ళది. జూనియర్ అనే మాట కూడా అక్కడిదే.

"ఏది నిజం సార్?" అన్నాను.

"రోమోళ్ళే తేల్చుకోలే. నాకైతే రెండూ గావాలె. పురుడు వోసే తల్లి నెల, పిలగాండ్ల నెల. మిమ్ముల వెట్టనీకె ఇంతకన్న మంచి జాగ యాడ దొరుకుతది?"

సారుకు పిల్లల్లేరు. ఆ మాట అప్పుడు మాకు తోచలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి ఆయనే అన్నాడు, ఆ తల్లి మా ఇంటి తొవ్వ మర్సిపోయింది బిడ్డా అని. అని వెంటనే వేరే సంగతి ఎత్తుకున్నాడు.

మా ఊళ్ళో జూన్ అంటే మిరుగం, మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు ఊరూవాడా చేపలు తింటారు. మా అమ్మకు ఏడాది మొత్తంలో తీరిక లేని రోజు అదే. అలాంటి ఒక మిరుగం నాడు అల్వాల్ మార్కెట్‌కు గంప దించడానికి పోయి, అక్కడే నొప్పులు మొదలై, నన్ను కన్నదట. అందుకని నా జూన్ నిజమైన జూన్, అయిదు రోజులు అటూఇటూ. నా తమ్ముడిదే అబద్ధం జూన్.

వాడు దసరా వెళ్ళాక పుట్టాడు. నేను రెండో తరగతిలోకి వచ్చిన ఏడు వాడికి నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకునే బడికి వచ్చింది. "సారూ, నేను శాపలు అమ్మవోతె వీన్ని ఎవలు సూస్తరు? చెరువు కాడికి ఉరుకుతడు. అక్క పక్కకు కూసుంటడు, జర రాసుకో," అంది. సారు కుదరదన్నాడు. అమ్మ ఏడ్చింది. నేను వాడి చెయ్యి పట్టుకుని, వాడు రాకుంటే నేనూ రానని ఏడ్చాను. సారు కాసేపు రిజిస్టరు వంక చూసి, వాడి ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, జూన్ పదకొండు అని రాశాడు. నాలుగు నెలలు ముందు పుట్టించాడు.

ఇంత చిన్న సంగతి.

సారుకు ఇంకో అలవాటు ఉండేది. ఫోన్లు వచ్చాక, జూన్ నెలంతా పొద్దున్నే ఒక్కొక్కరికి ఫోన్ చేసేవాడు. ఒకటో తారీఖున ఒకటో తారీఖు వాళ్ళకు, రెండున రెండు వాళ్ళకు. "ఇయ్యాల నేను నిన్ను పుట్టించిన రోజు," అనేవాడు. ఆరోగ్యం అడిగేవాడు, పిల్లలు ఏం చదువుతున్నారో అడిగేవాడు, పెట్టేసేవాడు. రెండు నిమిషాలు పట్టేది. మా కడుపున పుట్టిన పిల్లలకు కూడా మా పుట్టినరోజు గుర్తుండదు, ఆయనకు గుర్తుండేది. తప్పుడు తారీఖే కావచ్చు, ఒక మనిషి పొద్దున్నే లేచి మనల్ని తలుచుకున్నాడంటే ఆ రోజు పుట్టినట్టే ఉండేది.

తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఆర్మీ అంటే ప్రాణం. అమ్మ వెంట అల్వాల్ వెళ్ళినప్పుడల్లా కంటోన్మెంటు లారీలు చూస్తూ నిలబడిపోయేవాడు. ఇంటర్ అయ్యాక పొద్దున నాలుగున్నరకు లేచి ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్డు మీద మేడ్చల్ వైపు పరుగెత్తి వచ్చేవాడు. రెండుసార్లు పరుగులో పోయింది. మూడోసారి గెలిచాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. ఆఖరున కాగితాలు చూసే టేబుల్ దగ్గర ఆపేశారు. వాడు పుట్టిన ఏడు అక్టోబరు ఒకటి తర్వాత పుట్టినవాళ్ళకే అవకాశం. వీడి పదో తరగతి మెమోలో అదే ఏడు జూన్ పదకొండు. వయసు నాలుగు నెలలు ఎక్కువైంది.

పరుగెత్తిన బనియన్‌తోనే ఇంటికొచ్చాడు. నేరుగా సారు ఇంటికి నడిచాడు. నేను వెనక పడి వెళ్ళాను.

"నన్ను ఎప్పుడు గన్నదో మా అమ్మకు ఎరుక. నీకేం ఎరుక?" అన్నాడు సారుతో. సారును నువ్వు అనడం మా ఊళ్ళో అదే మొదటిసారి. "నీ చేతిల పెన్నున్నదని నీ ఇష్టమున్న నెల రాస్తవా? నా బతుకు నీ రిజిస్టరా?"

సారు అప్పటికి రిటైరై ఏడేళ్ళు. వరండాలో నిలబడి విన్నాడు. "తప్పు నాదే బిడ్డా," అన్నాడు. బడిలో మా అమ్మ ఏడ్చిన సంగతి చెప్పలేదు, నేను ఏడ్చిన సంగతి చెప్పలేదు. నేను అక్కడే గేటు పట్టుకుని ఉన్నాను. ఒక్క మాట అంటే అయిపోయేది. నేను అనలేదు.

మర్నాడు ఒంటరిగా వెళితే సారు నాతో అన్న మాట ఇది: "అమ్మ పేరు ఎత్తకు. తల్లి మీద కోపమొస్తే పోరడు ఇంటికి రాడు. నా మీద ఉంటే ఏమైతది, నాకు మస్తుమంది పిల్లలున్నరు."

ఆ తర్వాత రెండేళ్ళు ఆ మనిషి తిరగని ఆఫీసు లేదు. పొడుగు నోటుబుక్కు సంచిలో పెట్టుకుని పోయేవాడు. ఇది నేను రాసిందే, రిజిస్టరులో అబద్ధం రాశాను, అసలు సంగతి ఇందులో ఉంది అనేవాడు. ఎవరో ఒకాయన, ఇట్ల రాసిస్తే మీ పింఛనుకే మోసం వస్తది సార్, గమ్మున ఇంటికి పొండి అన్నాడట. రానియ్యి అన్నాడు సారు. కోర్టు కాగితం మీద కూడా రాసిచ్చాడు. అందరిదీ ఒకటే జవాబు: మెమోలో ఉన్నదే లెక్క. పంతులు సొంత నోటుబుక్కు సాక్ష్యం కాదు.

ఒక సాయంత్రం కాళ్ళు వాచి వచ్చి మా షాపులో కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి అన్నాడు.

"జూన్ మొదట్ల నాలుగో నెల, ఎరుకేనా బిడ్డా? రోమోళ్ళకు ఏడాది మార్చితోని షురువయ్యేది. తర్వాత ఎవడో జనవరి, ఫిబ్రవరి తెచ్చి ముందల వెట్టిండు. నాలుగోది ఆరోదయింది. అన్ని నెలలు జరిగినయి, దునియ మొత్తం గదే రాసుకుంటాంది, ఎవడన్న అడిగిండా? నేను ఒక్క పిలగాన్ని నాలుగు నెలలు ఇటు జరుపుత అంటే ఎవలూ ఇంటలేరు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ చెయ్యకుండా ఆయన గ్లాసులో ఇంకిన్ని నీళ్ళు పోశాను.

తమ్ముడు గాజులరామారంలో గది తీసుకున్నాడు, జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరాడు. పెళ్ళయింది, ఒక కూతురు. సారు నంబరును బ్లాక్ చేశాడు. అందుకని ప్రతి జూన్ పదకొండున ఫోన్ నాకు వచ్చేది. "వాడు నీ కాడికి వచ్చిండా? ఒక్కసారి ఇయ్యమ్మా," అనేవాడు. రెండుసార్లు వాడు నిజంగానే నా పక్కన ఉన్నాడు. ఫోన్ చాపితే లేచి బయటికి వెళ్ళిపోయాడు. "లేడు సార్," అన్నాను. అబద్ధమని ఆయనకు తెలుసు. "మంచిది బిడ్డా, ఇంకో ఏడు జేస్త," అనేవాడు. అలా పదమూడేళ్ళు.

మా అమ్మ పోయి మూడేళ్ళయింది. ఇక అమ్మ మీద కోపం వస్తుందన్న భయం లేదు. అయినా నేను చెప్పలేదు. ఇన్నేళ్ళు దాచినదాన్ని చెబితే, దాచినందుకు నన్నేమంటాడో అని. సారు మోస్తున్నాడు కదా, మొయ్యనియ్యి అని ఉంటుంది లోపల ఎక్కడో. దీన్ని పిరికితనం అంటారని నాకు తెలుసు.

ఈ ఏడు శివరాత్రికి ముందు సారు ఆఖరిసారి షాపుకొచ్చాడు. నోటుబుక్కు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు.

"నీ కాడ ఉండనియ్యి. ఎప్పుడన్న రూలు మారుతదేమో సూస్తుండు."

"మారినా ఏం లాభం సార్? వానికి ముప్పై నాలుగొచ్చినయి. ఇగ ఆర్మీ యాడిది?"

"కొలువు కోసం కాదు బిడ్డా. వాని నెల వానికి ఇచ్చెయ్యాలె. నా కాడ ఉండిపోయింది."

సరే సార్ అన్నాను. నోటుబుక్కును జిరాక్స్ మిషన్ కింది అరలో పెట్టాను. మళ్ళీ అడిగితే చూద్దాంలే అనుకున్నాను. మళ్ళీ అడగలేదు.

జూన్ మూడున నా ఫోన్ మోగలేదు. మోగదని తెలిసీ పొద్దున్నుంచి దాన్ని చూస్తూనే ఉన్నాను. సారు దశదినం అయిన సాయంత్రం నోటుబుక్కు సంచిలో వేసుకుని గాజులరామారం వెళ్ళాను. తమ్ముడు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. సారు పోయినప్పుడు రాలేదు, దశదినానికీ రాలేదు. కూర్చోబెట్టి, వాడి పేజీ తీసి చేతిలో పెట్టాను.

మా అమ్మ అన్న మాటను సారు అన్నట్టే రాసుకున్నాడు: 'దసరా ఎల్లిన నాలుగు పొద్దులకు. ఆయిన చెరువు మీద ఉన్నడు. నేను ఒక్కదాన్నే గన్న.' దాని కింద ఎర్ర సిరాతో సారు మాట: 'తల్లి ఏడ్చింది. అక్క చెయ్యి వదల్లేదు. చేర్చుకున్నాను.'

తమ్ముడు మొదటి వాక్యం రెండుసార్లు చదివాడు. దాని మీద వేలు పెట్టి, "గిది అమ్మ మాట్లాడినట్టే ఉన్నది," అన్నాడు. తర్వాత ఎర్ర సిరా చదివాడు. తలెత్తి నన్ను చూశాడు.

"గా రోజు గేటు కాడ ఉంటివి గదా అక్కా. ఎందుకు చెప్పలే?"

వాడి కూతురు వచ్చి వాడి ఒళ్ళో కూర్చుంది. నేను బస్సుకు లేటవుతోందని లేచి వచ్చేశాను.

పదకొండో తారీఖున నేను వెళ్ళేసరికి షాపు ముందు తమ్ముడు ఉన్నాడు. లీవు పెట్టానన్నాడు. లోపలికొచ్చి జిరాక్స్ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎందుకొచ్చావని నేను అడగలేదు. చాయ్ తెప్పించాను. ఒకామె కూతురి కాగితాలు పట్టుకుని వచ్చింది, పుట్టిన నెల తప్పు పడిందని, దిద్దించమని. మెమోలో అదే ఉందమ్మా, కాదని చెప్పి పంపాను. అది నేను రోజుకు నాలుగుసార్లు చెప్పే మాటే. తమ్ముడు విన్నాడు.

"ఏం జెయ్యలేమా?" అన్నాడు.

"లేదురా."

జేబులోంచి ఫోన్ తీశాడు. బ్లాక్ చేసిన నంబర్ల లిస్టు తెరిచాడు. అందులో ఉన్నది ఒక్కటే నంబరు. దాన్ని విడిపించి, ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి టేబుల్ మీద ఉంచాడు. నేను మిషన్ ఆపేశాను.

నాలుగు రింగుల తర్వాత సారు ఇంటి అమ్మ ఎత్తింది. ఎవరని అడగలేదు. ఒకటో తారీఖు నుంచి ఊరి పిల్లలంతా వాళ్ళ వాళ్ళ రోజున ఆ నంబరుకు ఫోన్ చేస్తున్నారని తర్వాత తెలిసింది.

"సారు లేడు బిడ్డా," అంది. "నీది ఏ తారీఖు?"

తమ్ముడు ఫోన్ మీదికి వంగాడు. "పదకొండమ్మా," అన్నాడు.

అవతల ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది.

"పదకొండా," అంది అమ్మ. "గా దినం జల్దీ లేస్తుండె. చాయ్ ఇస్తే తాగకపోతుండె. పోరనితోని మాట్లాడినంక తాగుత, ఆడ వెట్టు అంటుండె. సల్లారిపోతుండె. మల్ల కాపిస్తుంటి, మల్ల సల్లారుతుండె." ఆగింది. "సల్లగుండు బిడ్డా."

తమ్ముడు ఊ అన్నాడో, ఊపిరి తీశాడో నాకే తెలియలేదు. అమ్మ ఫోన్ పెట్టలేదు. వీడూ పెట్టలేదు. టేబుల్ మీద వాడి చాయ్ పొద్దున తెచ్చింది తెచ్చినట్టే ఉంది, పైన మీగడ కట్టి. దాని పక్కన ఫోన్ తెర మీద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.